కళాశాల ఎంపిక: సోనేపూర్, బరంపురం ప్రాంతం

పాఠశాల చదువు ముగించిన విద్యార్థి తనకు తగిన కోర్సును, దాన్ని చెప్పే సంస్థను నిర్ణయించుకోవడమే కళాశాల ఎంపిక. ఇందులో సాధారణంగా మూడు ప్రమాణాలు ముందుకొస్తాయి: సంస్థ ఎంత పెద్దది, ఎక్కడ ఉంది, అందులో సీటు రావడం ఎంత కష్టం. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు చేరువగా ఉన్న సోనేపూర్ వంటి తీర గ్రామాల తెలుగు కుటుంబాలకు వీటితో పాటు రాష్ట్ర సరిహద్దు కూడా లెక్కలోకి వస్తుంది. ఈ ఊళ్ల విద్యార్థి బరంపురంలో ప్లస్ టూ చదివితే ఒక వరుసలోనూ, ఇచ్ఛాపురంలో ఇంటర్మీడియట్ చదివితే మరో వరుసలోనూ నిలబడాలి. అందువల్ల ఇక్కడ కళాశాల ఎంపిక పన్నెండో తరగతి ఫలితాల తర్వాత మొదలయ్యేది కాదు, ఎనిమిదో తరగతి ముగిసేనాటికే మొదలవుతుంది.

ప్రాంతం, చదువుల నేపథ్యం

సోనేపూర్ బంగాళాఖాతం ఒడ్డున, బాహుదా నది సముద్రంలో కలిసే పరిసరాల్లో ఉంది. గోపాల్‌పూర్ నుంచి ఆంధ్ర సరిహద్దు దాకా ఈ తీరంలోని చేపల వేట పల్లెల్లో ఇంటి భాష ఎక్కువగా తెలుగే. ఒడియావారు ఈ మత్స్యకారులను నోలియాలంటారు. చదువు, వైద్యం, బజారు పనులన్నిటికీ వీరికి రెండు దిక్కులున్నాయి. ఉత్తరాన బరంపురం (అధికార నామం బ్రహ్మపుర), దక్షిణాన శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం. రెంటినీ కలుపుతూ 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం సాగుతాయి.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాడు ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కావడంతో బరంపురం అటు వెళ్లింది. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం వైపు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండి, ముందు విశాఖపట్నం జిల్లాలోనూ, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలోనూ చేరాయి. అంతవరకు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతపు చదువులు ఇప్పుడు రెండు బోర్డుల కింద, రెండు ప్రవేశ విధానాల కింద నడుస్తున్నాయి.

ఉన్నత విద్యలో బరంపురం ముందునుంచీ పేరున్న ఊరు. 1856లో జిల్లా పాఠశాలగా మొదలైన సంస్థ 1878లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద రెండో తరగతి కళాశాల అయింది. 1893లో ఖల్లికోట రాజా హరిహర మర్దరాజ్ లక్ష రూపాయల విరాళమివ్వడంతో దానికి ఖల్లికోట కళాశాల అనే పేరు స్థిరపడింది. 1894లో బరంపురంలోనే తెలుగు కుటుంబంలో పుట్టి, 1969లో భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి ఇక్కడి విద్యార్థే. ఆయన 1913లో న్యాయశాస్త్రం కోసం ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లి, అక్కడి జాతీయోద్యమంతో సంబంధాల కారణంగా 1916లో తిరిగిరావలసి వచ్చింది. సొంత ఊరి కళాశాలలో పునాది వేసుకుని, పై చదువుకు దూరం పోవడం ఈ ప్రాంతపు తెలుగువారిలో నూరేళ్లకు పైగా ఉన్న పద్ధతి.

గంజాం నుంచి విడదీసి ఏర్పరచిన గజపతి జిల్లాకు ముఖ్య పట్టణం పర్లాకిమిడి. ఈ ఊరి కథ ఇంకో తీరు చూపిస్తుంది. గిడుగు వేంకట రామమూర్తి 1880లో అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రుడయ్యారు. ఆపై రాజావారి కళాశాలలో బోధించారు, సవర భాషపై పరిశోధన చేశారు. పెద్ద నగరాల కళాశాలల్లో చేరకుండానే ఆయన పండితుడిగా ఎదిగారు.

బరంపురం పరిధిలోని సంస్థలు

చిన్న నగరమే అయినా బరంపురంలో దాదాపు అన్ని రకాల ఉన్నత విద్యాసంస్థలూ ఉన్నాయి. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం నగరం వెలుపల భంజ విహార్‌లో ఉంది. 1962లో వెలసిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, వాడుకలో ఎంకేసీజీ, దక్షిణ ఒడిశా అంతటికీ పెద్దాసుపత్రి. ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని మత్స్య కళాశాల రంగైలుండాలో 1981 నుంచి నడుస్తోంది. 2009లో మొదలైన పర్లా మహారాజా ఇంజనీరింగ్ కళాశాల ప్రభుత్వ సంస్థ. పాలూరు కొండల దగ్గర 1996లో ప్రారంభమైన ఎన్ఐఎస్‌టీ ప్రైవేటు రంగంలోది. మహిళల కోసం శశిభూషణ్ రథ్ ప్రభుత్వ మహిళా కళాశాల, డిప్లొమాకు ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూలు, న్యాయశాస్త్రానికి లింగరాజ్ న్యాయ కళాశాల ఉన్నాయి. చేతిపని నేర్పే ప్రభుత్వ ఐటీఐ, పాత ఇనుప తుక్కుతో చేసిన శిల్పాలతో దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకుంది. విజ్ఞానశాస్త్ర బోధన, పరిశోధనల కోసం కేంద్రం నెలకొల్పిన ఐసర్‌లలో ఒకటి 2016లో ఇక్కడికి వచ్చింది. మొదట ఐటీఐ భవనాల్లో తరగతులు నడిపి, తర్వాత లౌడిగాం దగ్గర సొంత ప్రాంగణం ఏర్పరచుకుంది.

సరిహద్దుకు ఆవల ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం (2008), శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం (1926), గీతం (1980) ఉన్నాయి. ఉత్తరాన భువనేశ్వర్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయం (1943), ఐఐటీ (2008), ఎయిమ్స్ (2012), ఇంకా పలు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

పరిమాణం

కళాశాల పరిమాణాన్ని మూడు రకాలుగా కొలుస్తారు. ఒకటి ప్రాంగణంలోని మొత్తం విద్యార్థుల సంఖ్య. రెండోది కోర్సులో ఏటా నింపే సీట్ల సంఖ్య. మూడోది ఒక అధ్యాపకుడికి ఎంతమంది విద్యార్థులనే నిష్పత్తి. అమెరికాలోని కార్నెగీ వర్గీకరణ మొదటి కొలతను పట్టుకుని, నాలుగేళ్ల కళాశాలల్లో వెయ్యి మంది లోపువాటిని అతి చిన్నవిగా, మూడు వేల లోపువాటిని చిన్నవిగా, పది వేల లోపువాటిని మధ్యరకంగా, అంతకు మించినవాటిని పెద్దవిగా పరిగణిస్తూ వచ్చింది. భారతదేశంలో ఇంత ప్రచారంలో ఉన్న వర్గీకరణ లేదు. ఇక్కడ సంస్థ పరిమాణాన్ని చెప్పేది మంజూరైన సీట్ల సంఖ్యే. అధ్యాపకుల విషయంలో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి బీటెక్‌కు ఇరవై మంది విద్యార్థులకు ఒకరు ఉండాలని నిర్దేశించింది.

ఖల్లికోట వంటి పాత సంస్థలో కళలు, విజ్ఞానం, వాణిజ్యం మూడూ ఉంటాయి. విద్యార్థులు ఎక్కువ, సబ్జెక్టులు ఎక్కువ, పూర్వ విద్యార్థుల బలం కూడా ఎక్కువే. కోర్సు మార్చుకోవాలన్నా, ఎన్‌సీసీలో చేరాలన్నా, పోటీ పరీక్షలకు తోడుగా చదివేవారు కావాలన్నా పెద్ద కళాశాలలో వీలుంటుంది. ఐసర్ దీనికి భిన్నం. విషయాలు కొన్నే, విద్యార్థుల సంఖ్య పరిమితం, ప్రయోగశాలల్లో గడిపే సమయం ఎక్కువ. ఐదేళ్ల బీఎస్–ఎంఎస్ కోర్సు చివర్లో ప్రతి విద్యార్థీ ఒక ఆచార్యుడి పర్యవేక్షణలో పరిశోధన చేయాలి. కంటబడకుండా వెనక బెంచీలో కూర్చుని చదువు గట్టెక్కించాలనుకునేవారికి ఇలాంటి చోట వీలుపడదు.

చిన్న సంస్థ లాభమేమిటో విద్యార్థి మనస్తత్వ పరిశోధకులు అరవై ఏళ్ల కిందటే చెప్పారు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు ఉన్నత పాఠశాలలను పరిశీలించి రోజర్ బార్కర్, పాల్ గంప్ 1964లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, పెద్ద బడిలో కార్యక్రమాల సంఖ్య ఎక్కువైనా, చిన్న బడిలోనే ఒక్కో విద్యార్థికి పాల్గొనే అవకాశం, బాధ్యత మోసే అవకాశం ఎక్కువ. నాటకానికి పది పాత్రలు కావలసినచోట కొద్దిమందే ఉంటే, మొహమాటస్తుడికీ వేషం దక్కుతుంది. ఇంట్లో తొలిసారి కళాశాల గడప తొక్కుతున్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

అయితే చిన్నదంటే అన్నిచోట్లా సన్నిహిత బోధన అని అర్థం కాదు. అనుబంధ డిగ్రీ కళాశాలల్లో ఒక శాఖ మొత్తం ఒకరిద్దరు అధ్యాపకుల మీద నడుస్తుంటే, ఒకరు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఆ ఏడు ఆ సబ్జెక్టు చెప్పేవారుండరు. పెద్ద ప్రైవేటు సంస్థలో వేల మంది ఉన్నా తరగతి గదిలో అరవై మందే ఉండవచ్చు. కనుక సంస్థ మొత్తం సంఖ్య కన్నా చేరబోయే శాఖలో రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, సెక్షన్‌లో విద్యార్థులు ఎందరు, ప్రయోగశాలలో ఒక పరికరాన్ని ఎందరు పంచుకుంటారు అన్నవి ఉపయోగపడే ప్రశ్నలు.

ప్రదేశం

సోనేపూర్ పరిసరాల నుంచి చూస్తే దూరం మూడు మెట్లుగా ఉంటుంది. బరంపురం, ఇచ్ఛాపురం రోజూ వెళ్లిరాగల దూరంలో ఉన్నాయి. బరంపురానికి సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న భువనేశ్వర్ నుంచి, సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నం నుంచి పండగకో, పని పడినప్పుడో ఇంటికి రావచ్చు. రవుర్కెలా, హైదరాబాద్, ఢిల్లీ వంటి చోట్ల చేరితే సెమిస్టరు ముగిశాకే ప్రయాణం. మొదటి మెట్టులో అయ్యేది బస్సు ఖర్చు, పోయేది రోజుకు కొన్ని గంటలు. రెండో, మూడో మెట్టులో హాస్టల్, మెస్ ఖర్చులు ఫీజును మించిపోవచ్చు.

ఇంటికి దగ్గర అన్నది అందరికీ లాభం కాదు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు పెద్దయెత్తున వలసలున్నాయి. తీరపు పల్లెల మగవారు వేట పనికి దూరపు రేవులకు వెళ్తుంటారు. పెద్దవాళ్లు ఊళ్లో లేని ఇంట్లో పిల్లలే ఇంటి పని, చిన్నవాళ్ల బాధ్యత మోయవలసి వస్తుంది. అలాంటి విద్యార్థికి బరంపురంలోని హాస్టల్ ఇంటికన్నా చదువుకు అనువైన చోటు. మరోవైపు, ఆడపిల్లల విషయంలో కుటుంబాలు ముందు అడిగేది చివరి బస్సు ఎన్నింటికి, హాస్టల్ ఎవరి అజమాయిషీలో ఉంది అనే. ఈ రెండు ప్రశ్నలకు సరైన జవాబు లేకపోతే మంచి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి కూడా దగ్గరున్న ఏదో ఒక కోర్సులో సర్దుకుంటుంది.

కొన్ని కోర్సులకు ప్రదేశమే సగం చదువు. వైద్య విద్యార్థి నేర్చుకునేది వార్డుల్లో. పలు జిల్లాల నుంచి రోగులు ఎడతెగక వచ్చే ఎంకేసీజీలో చూడగలిగినన్ని కేసులు, పడకలు నిండని కొత్త ప్రైవేటు ఆసుపత్రిలో కనిపించవు. మత్స్యశాస్త్రానికి సముద్రం, రొయ్యల చెరువులు, గోపాల్‌పూర్ తీరం చేరువలో ఉండటం బలం. ఇంజనీరింగ్‌లో లెక్క వేరు. ఇంటర్న్‌షిప్‌లకు, ఉద్యోగ నియామకాలకు సంస్థలు ఎక్కువగా ఉన్న భువనేశ్వర్, విశాఖపట్నం, హైదరాబాద్ విద్యార్థికి ఎక్కువ దారులు చూపిస్తాయి.

ఈ తీరంలో వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం–గంజాం తీరం మీద విరుచుకుపడింది. 2019 మే 3న ఫొని పూరీ దగ్గర తీరం దాటడంతో, ఆ నెల 5న జరగవలసిన వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ఒడిశాలో 20వ తేదీకి వాయిదా పడింది. పరీక్షలు, ప్రవేశాల తేదీలు తుపాను రోజుల్లో మారడం ఇక్కడివారికి కొత్త కాదు. ధ్రువపత్రాలు తడిసిపోకుండా డిజిటల్ ప్రతులు దాచుకోవడం, దూరపు కేంద్రంలో పరీక్ష ఉంటే ముందురోజే చేరుకోవడం ఈ ప్రాంతంలో తప్పనిసరి జాగ్రత్తలు.

ప్రవేశపు పోటీ

ఒక సంస్థకు దరఖాస్తు చేసినవారిలో ఎందరికి సీటు దక్కుతుందన్నది ప్రవేశపు పోటీకి కొలత. అమెరికాలో దీన్ని ప్రవేశాల శాతంగా చెబుతారు. భారతదేశంలో వైద్యం, ఇంజనీరింగ్ వంటి కోర్సులకు అందరూ ఒకే పరీక్ష రాసి ఒకే కౌన్సెలింగ్‌లో కూర్చుంటారు కనుక చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందన్నదే అసలు కొలత. 2024 నీట్‌కు 24 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు అప్పటికి లక్షకు కాస్త పైన. ఈ లెక్కలో ఏ ప్రభుత్వ వైద్య కళాశాల అయినా గట్టి పోటీ ఉన్నదే. ఐసర్ ప్రవేశాలు సొంత పరీక్ష ద్వారా దేశమంతటికీ ఒకే వరుసలో జరుగుతాయి. బరంపురంలో ఉన్నంత మాత్రాన బరంపురం విద్యార్థికి అందులో ప్రత్యేక కోటా ఉండదు. దీనికి భిన్నంగా ఒడిశాలో ప్లస్ టూ, ప్లస్ త్రీ (డిగ్రీ) ప్రవేశాలు శామ్స్ అనే ఆన్‌లైన్ విధానంలో మార్కుల మీద జరుగుతాయి. పేరున్న కళాశాలలో కటాఫ్ ఎక్కువ, కొత్తదానిలో తక్కువ.

కటాఫ్ చెప్పేది గిరాకీని మాత్రమే, బోధన నాణ్యతను కాదు. ఒకే కళాశాలలో కంప్యూటర్ సైన్స్ కటాఫ్ ఎక్కువగా, సివిల్ కటాఫ్ తక్కువగా ఉండటానికి కారణం అధ్యాపకుల స్థాయి కాదు, ఆ ఏటి ఉద్యోగ మార్కెట్ మీద జనం పెట్టుకున్న ఆశలు. ఈ తేడా తెలియక, వచ్చిన ర్యాంకుకు దొరికే అన్నిటికన్నా ఖరీదైన సీటే మంచి సీటు అనుకోవడం కౌన్సెలింగ్ రోజుల్లో మామూలు.

పోటీ ఎక్కువున్న సంస్థలో చదివితే జీవితంలో ఎంత కలిసొస్తుందనే ప్రశ్న మీద స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో పేరుపొందిన అధ్యయనం ప్రచురించారు. ఒకే స్థాయి సంస్థలకు దరఖాస్తు చేసి సీటు తెచ్చుకున్నవారిలో కొందరు పోటీ తక్కువున్న కళాశాలల్లో చేరారు. తర్వాతి సంపాదనలో వారికీ, పెద్ద పేరున్న కళాశాలల్లో చదివినవారికీ సగటున పెద్ద తేడా కనిపించలేదు. దీనికి మినహాయింపు పేద కుటుంబాల విద్యార్థులు. పోటీ ఎక్కువున్న సంస్థ వారికి నిజంగానే మేలు చేసింది. కరొలైన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ 2013లో ప్రచురించిన మరో పరిశోధన ప్రకారం, మంచి మార్కులున్న పేద విద్యార్థుల్లో ఎక్కువమంది పేరున్న సంస్థలకు దరఖాస్తే చేయడం లేదు. సలహా ఇచ్చేవారు లేని చిన్న ఊళ్లలో వారు ఒంటరిగా ఉండిపోవడం ఇందుకు ఒక కారణం.

అమెరికా పరిస్థితి గంజాం తీరానికి పూర్తిగా వర్తించదు. అయినా రెండు అధ్యయనాలనూ కలిపి చూస్తే ఈ ప్రాంతానికి పనికొచ్చే మాట దొరుకుతుంది. చదువుకున్న కుటుంబం, పరిచయాలు, డబ్బు ఉన్న విద్యార్థి ఏ కళాశాలలో చదివినా దారి వెతుక్కుంటాడు. తొలితరం విద్యార్థికి మాత్రం సంస్థే ఆ పరిచయాలన్నిటినీ సమకూర్చాలి. కాబట్టి వేట పల్లె నుంచి వచ్చే ప్రతిభావంతుడు దరఖాస్తు దగ్గరే తనను తాను తగ్గించుకోకూడదు.

సరిహద్దు, స్థానికత

ఈ ప్రాంతంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే) సీట్లలో 85 శాతం ఆ సంస్థ ఉన్న ప్రాంతపు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. ఇంటర్ ఆధారంగా ప్రవేశం కోరేవారికి తొమ్మిది, పది తరగతులు, ఇంటర్ రెండేళ్లు కలిపి ఆ నాలుగవుతాయి. మిగిలిన 15 శాతం ఎవరికైనా తెరిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాటికీ రాష్ట్రంలో పదేళ్ల నివాసం, లేదా తల్లిదండ్రుల నివాసం, ఉద్యోగం వంటి షరతులున్నాయి. తెలుగు మాట్లాడటం వీటిలో ఏ షరతుకూ సరిపోదు. తరతరాలుగా గంజాంలో ఉంటున్న కుటుంబం ఇంటర్ రెండేళ్లకు మాత్రమే బిడ్డను ఇచ్ఛాపురమో విశాఖపట్నమో పంపితే, ఆంధ్రలో స్థానికత దొరక్కపోవచ్చు. ఒడిశాలో నివాస ధ్రువీకరణ ఉన్నా, చదువు బయట జరిగిందన్న ప్రశ్న ఎదురుకావచ్చు.

జాతీయ స్థాయి ఇంజనీరింగ్ ప్రవేశాల్లో నియమం ఇంకో రకం. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. ఇక్కడ సొంత రాష్ట్రమంటే పుట్టిన చోటు కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. బరంపురంలో ప్లస్ టూ చదివిన తెలుగు విద్యార్థికి రవుర్కెలా ఎన్ఐటీలో, ఇచ్ఛాపురంలో ఇంటర్ చదివిన పక్కింటి విద్యార్థికి తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్ఐటీలో సొంత రాష్ట్రపు కోటా వర్తిస్తుంది. ఐఐటీల్లో, ఐసర్‌లలో రాష్ట్రాల కోటా లేదు. నీట్‌లో ప్రభుత్వ కళాశాలల సీట్లు 15 శాతం అఖిల భారత కోటాకు, 85 శాతం రాష్ట్రానికి. ఒడిశా కోటాకు ఒడిశా నియమాలు, ఆంధ్ర కోటాకు స్థానికత నియమాలు వర్తిస్తాయి. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు ఈ స్థానికత పట్టింపు లేదు, ఫీజు మాత్రం ఎక్కువ.

రిజర్వేషన్ జాబితాలు కూడా రాష్ట్రానికొకటి. ఒక కులం ఆంధ్రలో ఒక వర్గంలో, ఒడిశాలో మరో వర్గంలో ఉండవచ్చు. ఒక రాష్ట్రపు కుల ధ్రువపత్రం మరో రాష్ట్రపు కోటాకు పనికిరాదు. కేంద్ర సంస్థలకు కేంద్ర జాబితా ప్రకారం తీసుకున్న ధ్రువపత్రం కావాలి. పెళ్లిళ్లు, చుట్టరికాలు సరిహద్దుకు రెండు వైపులా సాగే కుటుంబాల్లో ఈ పత్రాల విషయంలో తికమక తరచూ వస్తుంది.

భాష

నీట్, జేఈఈ మెయిన్ పరీక్షలు తెలుగు, ఒడియాలతో సహా 13 భాషల్లో జరుగుతాయి. అయితే నీట్‌లో ప్రాంతీయ భాషా ప్రశ్నపత్రం ఆయా రాష్ట్రాల కేంద్రాల్లోనే ఇస్తారు. తెలుగు పత్రం కావాలంటే ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణలోని కేంద్రాన్ని ఎంచుకోవాలి. బరంపురంలో రాసేవారికి ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, ఒడియాలలో ఒకటే గతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషుగా సాగే చదువు గంజాం తెలుగు పిల్లలకు అలవాటైనదే.

చదువు తర్వాత ఉద్యోగాన్ని కూడా ఈ లెక్కలోనే చూడాలి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చి ఉండాలని, బడి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలని సాధారణంగా నిబంధన ఉంటుంది. చిన్నప్పుడే ఆంధ్ర వైపు బడికి మారిన విద్యార్థి, సొంత జిల్లాలో ఉపాధ్యాయుడు కావాలనుకున్నప్పుడు ఈ నిబంధన అడ్డొస్తుంది.

ఖర్చు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లతో చేపల వేట నిషేధం. ఫలితాలు రావడం, కౌన్సెలింగ్ రుసుములు, సీటు నిలుపుకోవడానికి కట్టాల్సిన సొమ్ము దాదాపు ఇదే సమయంలో, దీని వెంటనే మొదలవుతాయి. రాబడి అడుగంటిన నెలల్లో ఫీజు గడువు పడటం వల్ల వేట కుటుంబాలు వడ్డీకి అప్పు తేవడం, లేదా వచ్చిన సీటు వదులుకోవడం జరుగుతుంది. ముందు ఏడాదే ఈ సొమ్ము పక్కన పెట్టుకోవడం, బ్యాంకు విద్యా రుణానికి పత్రాలు ముందుగా సిద్ధం చేసుకోవడం ఈ ప్రాంతపు అవసరాలు.

స్కాలర్‌షిప్‌లలో కేంద్రానివి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా వస్తాయి. రాష్ట్రానివి ఆ రాష్ట్రపు నివాసులకే. ఆంధ్రలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందని విని అక్కడ చేరిన గంజాం విద్యార్థికి అది అందదు. ఖర్చు లెక్కలో కోర్సు మొత్తం కాలానికి ట్యూషన్, హాస్టల్, మెస్, ప్రయాణం, పరీక్ష ఫీజులు, లాప్‌టాప్ వంటివన్నీ వేసి, ఏడాది ఫీజుతో కాకుండా డిగ్రీ మొత్తం ఖర్చుతో సంస్థలను పోల్చాలి.

డబ్బు, మార్కులు రెండూ తక్కువైనవారికి అంచెలంచెలుగా ఎక్కే దారి ఉంది. ఐటీఐ పూర్తిచేసి డిప్లొమా రెండో ఏడాదిలోనూ, డిప్లొమా పూర్తిచేసి బీటెక్ రెండో ఏడాదిలోనూ లేటరల్ ఎంట్రీ ద్వారా చేరవచ్చు. మధ్యలో ఆగినా చేతిలో ఒక పని ఉంటుంది.

ఎంపిక క్రమం

ఏ ప్రమాణాన్నయినా తూచే ముందు గుర్తింపు చూడాలి. విశ్వవిద్యాలయాలకు యూజీసీ, ఇంజనీరింగ్‌కు సాంకేతిక విద్యా మండలి, వైద్యానికి జాతీయ వైద్య కమిషన్, న్యాయానికి బార్ కౌన్సిల్, నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు అవసరం. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తుంటుంది. 1994లో ఏర్పడిన నాణ్యతా మదింపు సంస్థ న్యాక్ ఇచ్చిన గ్రేడు, 2016 నుంచి వెలువడుతున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు ప్రాథమిక వడపోతకు పనికొస్తాయి. వాటిలో సంస్థ మొత్తం స్థాయి తెలుస్తుంది, చేరబోయే శాఖ సంగతి తెలియదు.

ఆ తర్వాతి క్రమం ఇలా ఉంటే మేలు.

ఎనిమిదో తరగతి ముగిసేనాటికి: ఏ రాష్ట్రపు కోటాలో నిలబడాలో నిర్ణయించడం. ఒకసారి నిర్ణయించాక మధ్యలో సరిహద్దు దాటకపోవడం.

పదో తరగతి తర్వాత: బోర్డు, మాధ్యమం, సబ్జెక్టులు ఎంచుకోవడం. నివాస, కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీసుకోవడం. అన్ని పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేలా చూడటం.

దరఖాస్తుల వేళ: మూడు రకాల సంస్థలకు పెట్టడం. ర్యాంకుకు మించినవి కొన్ని, సరిపడేవి కొన్ని, తప్పక దొరికేవి ఒకటి రెండు. తప్పక దొరికేవాటిలో కనీసం ఒకటి ఇంటి నుంచి వెళ్లిరాగలిగేది కావాలి.

చేరే ముందు: కళాశాలకు స్వయంగా వెళ్లి, గేటు దగ్గరో మెస్‌లోనో రెండో సంవత్సరం విద్యార్థులను కలవడం. పాఠాలు జరుగుతున్నాయా, అధ్యాపకులు ఎందరు, హాస్టల్‌లో నీళ్లు, భోజనం ఎలా ఉన్నాయి, కిందటేడు ఎందరు మధ్యలో మానేశారు అని అడగడం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకునే సంస్థ అయితే ఆలోచించుకోవడం. సీటు రద్దు చేసుకుంటే ఫీజు తిరిగి ఇచ్చే నియమాలను రాతపూర్వకంగా తెలుసుకోవడం.

అంచనా

మూడు ప్రమాణాలలో ఏది ముఖ్యమన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. పరిశోధన వైపు మొగ్గున్న విద్యార్థికి చిన్న సంస్థ, గట్టి పోటీ నప్పుతాయి. వైద్యానికి ఆసుపత్రి, ఇంజనీరింగ్‌కు పరిశ్రమలు చేరువలో ఉండటం లెక్కకు వస్తుంది. ఉపాధ్యాయ వృత్తి, ప్రభుత్వ ఉద్యోగం కోరేవారికి ఇంటికి దగ్గరున్న పాత ప్రభుత్వ కళాశాల తక్కువ ఖర్చుతో సరిపోతుంది. సోనేపూర్ తీరపు తెలుగు కుటుంబాల విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పవచ్చు. ఇక్కడ సీట్లు చేజారడానికి తెలివి తక్కువ కావడం కన్నా, నియమం ఆలస్యంగా తెలియడమే పెద్ద కారణం. స్థానికత, ధ్రువపత్రం, ఫీజు గడువు ఈ మూడింటినీ ముందుగా సరిచూసుకున్న కుటుంబానికే పరిమాణం, ప్రదేశం, పోటీ అనేవాటిని తూచి ఎంచుకునే వీలుంటుంది. ప్రవేశ నియమాలు ఏటా మారుతుంటాయి కనుక, ఎవరో చెప్పారని కాకుండా ఆ ఏటి ప్రవేశ బ్రోషర్‌ను పూర్తిగా చదివాకే నిర్ణయం తీసుకోవాలి.